పగిలిన బంపరు – అతుకులోని శాస్త్రము

ఇబ్రహీంపట్నము మీదుగా పోవు నాగార్జునసాగర్ రోడ్డుపై క్రొత్త కార్ల నడుమ అప్పుడప్పుడు ఒక పాత మారుతి 800 కానవచ్చును. 1983 డిసెంబరులో తొలిసారి రోడ్డెక్కిన ఈ కారు ఉత్పత్తి 2014 జనవరిలో ఆగిపోయినది. అంతకు ముందు తరపు అంబాసిడర్, పద్మినీ కార్లకు మెరుగుపూత గల ఉక్కు బంపర్లుండెడివి. సొట్ట పడినచో సుత్తితో సరిచేసెడివారు. మారుతికి వచ్చినది నల్లని ప్లాస్టిక్ బంపరు. గట్టి దెబ్బ తగిలినచో అది పగులును. పాత కార్లకు సరియగు విడిభాగములు దొరకుట నానాటికి కష్టమగుచున్నందున, పగిలినదానిని అతుకు విధానము తెలిసియుండుట మేలు.

మా మిత్రుని తండ్రిగారు ఎంతో మక్కువతో కాపాడుకొనుచున్న అట్టి కారు బంపరు ఒకనాడు పగిలినది. మేము ఉత్సాహముతో ఎపాక్సీ జిగురు పూసితిమి. వారము తిరుగక మునుపే అతుకు పొరవలె ఊడివచ్చినది. తప్పు జిగురుది కాదు. అది ఏ జాతి ప్లాస్టిక్కో తెలిసికొనని మాది.

బంపర్లకు ఎక్కువగా వాడునది పాలీప్రొపిలీన్. తామరాకుపై నీటిబొట్టు నిలువనట్లే దీనిపై సామాన్యమైన జిగురులు పట్టుకొనవు. ఏ.బి.ఎస్. అను మరియొక జాతి అసిటోనులో కరగును, పాలీప్రొపిలీన్ కరగదు. పాలీయురిథేన్ బంపర్లలో పెక్కు ఒకసారి గట్టిపడిన పిమ్మట వేడికి మరల కరగవు. వాటికి తగిన జిగురే శరణ్యము.

జాతిని గుర్తించుటెట్లు? బంపరు లోపలి వైపున ముద్రించిన అక్షరములను మొదట చూడవలెను. అవి లేనిచో లోపలి అంచు నుండి చిన్న ముక్కను కోసి నీటిలో వేయవలెను. పాలీప్రొపిలీన్ సాంద్రత సుమారు 0.9 కనుక తేలును, ఏ.బి.ఎస్. సాంద్రత సుమారు 1.05 కనుక మునుగును. అయితే ఖనిజపు పొడి కలిపిన పాలీప్రొపిలీన్ కూడ మునుగవచ్చును కనుక అసిటోను పరీక్ష కూడ చేయుట మంచిది.

పిమ్మట సబ్బునీటితో మట్టిని, జిడ్డును పూర్తిగా తొలగించవలెను. పగులు కొనయందు చిన్న రంధ్రము చేయవలెను. పదునైన కొనవద్ద ఒత్తిడి కేంద్రీకరించుటచే పగులు ప్రాకును. గుండ్రని రంధ్రము ఆ ఒత్తిడిని పంచివేయును. తరువాత పగులు పొడవునను 'వి' ఆకారపు గాడి తీసి, అదే జాతి ప్లాస్టిక్ కడ్డీని వేడిగాలితో గాని, కాల్చిన సాల్డరింగు ఇనుముతో గాని కరగించి నింపవలెను. పాలీప్రొపిలీన్ సుమారు 160 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద కరగును. కడ్డీయే గాక గాడి అంచులు కూడ కరగి ఏకము కావలెను; లేనిచో అది అతుకు కాదు, పైపూత మాత్రమే. వెనుక వైపున సన్నని స్టీలు జాలిని వేడితో అదిమి పొదిగినచో బలము పెరుగును. చల్లారిన పిదప గరుకు కాగితముతో నునుపు చేయవలెను. రంగు వేయదలచినచో ముందుగా ప్లాస్టిక్కునకు తగిన ప్రైమరు పూయవలెను.

ఈ పని గాలి ధారాళముగా వీచుచోటనే చేయవలెను. మాడిన ప్లాస్టిక్ పొగ ఊపిరితిత్తులకు హానికరము. బంపరు వెనుకనున్న ఇనుప భాగములు వంగినచో ముందుగా వాటిని సరిచేయవలెను. పైతొడుగును అతికినంత మాత్రమున రక్షణ చేకూరదు.

రెండవ పర్యాయము మేము ఇట్లు చేసిన అతుకు రెండు వర్షాకాలములు దాటినది. దగ్గరగా చూచినచో గీత కనిపించును గాని పగులు పెరుగలేదు. మిత్రుని తండ్రిగారు ఆ గీతపై చేయి వేసి చూచి, తృప్తిగా నవ్విరి.

'మరమ్మతు' అను మాట ఉర్దూ, తెలుగు భాషలు రెండింటిలోను ఉన్నది. తరగతి గదిలో చదివిన సాంద్రత, ఒత్తిడి, ద్రవీభవన స్థానము షెడ్డులోని మెకానిక్కు చేతిలో నిత్యము పనిచేయుచున్నవి. ఆ చేతిని గౌరవించి, దాని వద్ద నేర్చుకొనుట మన విద్యకు వన్నె తెచ్చును.