మరుపును వెతికే వెలుగు

'అరవైకి అరళు మరళు' అని మన కోలారు పక్క అంటారు. కన్నడంలోనూ ఇదే మాట. పెద్దవాళ్ళ మరుపంతా వయసు మీదికి తోసేస్తాం. కానీ అందులో కొంత అల్జైమర్స్ అనే జబ్బు. 1906లో జర్మన్ డాక్టరు అలోయిస్ అల్జైమర్, చనిపోయిన ఒక స్త్రీ మెదడును సూక్ష్మదర్శినిలో చూసి, అందులోని మచ్చల్ని వర్ణించాడు. అవి అమిలాయిడ్ బీటా అనే ప్రోటీన్ పేరుకున్న ముద్దలని చాలాకాలం తర్వాత తేలింది. మరి బతికున్న మనిషి మెదడులో వాటిని చూసేదెట్లా?

ఇందుకే మెరిసే రంగులు. థయోఫ్లేవిన్-టి అనే రంగు అణువు విడిగా ఉంటే దాని రెండు భాగాలు మెలి తిరుగుతూ, పీల్చుకున్న వెలుగు శక్తిని పోగొట్టుకుంటాయి. అమిలాయిడ్ పోగుల సందులో ఇరుక్కుంటే తిరగలేవు, ఆ శక్తి వెలుగై బయటికొస్తుంది. వెలిగిన చోట ముద్ద ఉన్నట్టే.

అయితే రెండు అడ్డంకులున్నాయి. రక్తంలోంచి మెదడులోకి ఏది పడితే అది పోలేదు. మామూలు వెలుగు పుర్రె దాటి రాలేదు. అందుకే పరారుణానికి దగ్గరి వెలుగునిచ్చే చిన్న అణువుల్ని తయారుచేశారు. 2009లో వచ్చిన క్రనాడ్-2కి ఆధారం మన పసుపులోని కర్కుమిన్ అని చదివి నాకు ఆశ్చర్యమేసింది! (పసుపు తింటే జబ్బు పోతుందని కాదు. తిన్న కర్కుమిన్ ఒంటికి పట్టేది చాలా తక్కువ.)

ఇవి ఎలుకల్లో బాగా పనిచేస్తాయి. మన పుర్రె మందం కాబట్టి మనుషులకు పెట్ స్కానే దారి. దానికి వాడే పిట్స్‌బర్గ్ కాంపౌండ్-బి కూడా థయోఫ్లేవిన్‌ను మార్చి చేసిందే. 2002లో స్వీడన్‌లో మొదట మనిషికిచ్చారు. బెంగళూరు జక్కూరులో టి. గోవిందరాజు బృందం కొత్త రంగుల మీద పనిచేస్తోంది.

మన జిల్లాకూ ఇందులో చోటుంది. శ్రీనివాసపుర తాలూకా పల్లెల్లో 45 ఏళ్ళు దాటిన పదివేలమందిని ఏళ్ళ తరబడి పరీక్షించాలని, బెంగళూరు ఐఐఎస్సీలోని సెంటర్ ఫర్ బ్రెయిన్ రీసెర్చ్ 2018లో పని మొదలుపెట్టింది. 45 నుంచే ఎందుకంటారా? మరుపు బయటపడడానికి పది పదిహేనేళ్ళ ముందే ముద్దలు మొదలవుతాయి. ఇట్లాంటి పరిశోధనలు ఎక్కువగా పాశ్చాత్య దేశాల్లోనే జరిగాయి. మన పల్లె మెదడు సంగతి మన పల్లెలోనే తెలియాలి.

అవ్వ అడిగిందే అడుగుతున్నా, తాత తెలిసిన దారి తప్పినా నవ్వి వదిలేయొద్దు. డాక్టరుకు చూపిద్దాం. థైరాయిడ్ వల్లో, బి12 లోపం వల్లో వచ్చిన మరుపైతే మందుతో తగ్గొచ్చు. అల్జైమర్సే అయితే, ఇంట్లోవాళ్ళకు కోప్పడకుండా చూసుకునే ఓపికైనా వస్తుంది.