మొజంజాహి మార్కెట్: పండ్లు పోయినా నిలిచిన రాతి గోపురం

హైదరాబాద్: నాంపల్లి, అబిడ్స్, కోఠి, బేగంబజార్ల నుంచి వచ్చే దారులు కలిసే కూడలిలో గడియారపు గోపురంతో ఠీవిగా నిలిచిన రాతి కట్టడం మొజంజాహి మార్కెట్. నగరవాసుల నోట అది ‘ఎంజే మార్కెట్’. పుట్టి దశాబ్దాలు గడిచినా బేరసారాల సందడి ఇక్కడ ఆగలేదు.

ఈ మార్కెట్ పుట్టుక వెనుక ఒక విషాదం ఉంది. 1908 సెప్టెంబరులో మూసీకి వచ్చిన వరద వేలాది మందిని పొట్టన పెట్టుకుంది. ఆ తరువాత ప్లేగు వచ్చింది. ఇరుకు గల్లీల నగరాన్ని చక్కదిద్దడానికి 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పాటైంది. మురికివాడల తొలగింపు, రోడ్ల వెడల్పు, కొత్త ఇళ్ల నిర్మాణం దాని పనులు. పత్తర్‌గట్టీ దుకాణాల వరుస కూడా ఆ మండలి చలవే. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పాలనలో, 1935లో, ఈ మార్కెట్ వెలిసింది. మండలికి అధ్యక్షత వహించిన నిజాం రెండో కుమారుడు మొజంజా పేరే దీనికి పెట్టారు. నీలోఫర్ ఆస్పత్రికి పేరిచ్చిన నీలోఫర్ ఆయన భార్యే.

కూడలి వైపు గోపురం, దానికి ఇరుపక్కలా రెక్కల్లా సాగిన కమానుల వరుసలు, లోపల విశాలమైన ఆవరణ. అంతా గ్రానైటు రాయే. ఎండకూ వానకూ కొనుగోలుదారు ఇబ్బంది పడకుండా దుకాణాల ముందు నీడ ఉండేలా కట్టారు.

పండ్ల ఘుమఘుమలు

ఒకప్పుడు ఇది నగరానికి పెద్ద పండ్ల మార్కెట్. లారీల రద్దీ పెరిగి చోటు చాలక 1980వ దశకంలో టోకు వ్యాపారం గడ్డిఅన్నారానికి తరలింది. నగరం అక్కడికీ పాకడంతో తరువాత ఊరి వెలుపలి బాటసింగారం చేరింది. పండ్లు వెళ్లిపోయినా వాటి రుచి మాత్రం ఇక్కడి ఐస్‌క్రీం దుకాణాల్లో మిగిలింది. చెక్క పీపాలో ఐసుగడ్డలూ ఉప్పూ వేసి, మధ్యలోని డబ్బాలో పాలూ పండ్ల గుజ్జూ పోసి చేత్తో తిప్పడం పాత పద్ధతి. ఉప్పు కలిస్తే ఐసు చల్లదనం ఇంకా పెరుగుతుంది. సీతాఫలాల కాలంలోనూ, మామిడి రోజుల్లోనూ ఈ ఆవరణలో కుర్చీ దొరకడం కష్టమే. అత్తరు దుకాణాలకూ ఇది పాత చిరునామాయే.

మళ్లీ తిరిగిన గడియారం

వ్యాపారం తగ్గాక కట్టడానికి ఆలనాపాలనా కరవైంది. రాతిపై రంగులు, గోడలపై తీగల చిక్కులు, అడ్డదిడ్డంగా బోర్డులు, ఉరుస్తున్న పైకప్పు. కమానులు కనిపించకుండా రేకులు వేశారు. 2018లో పురపాలక శాఖ పునరుద్ధరణ తలపెట్టింది. రంగులు గీకి రాయిని బయటికి తీశారు. రేకులు తొలగించారు. బోర్డులు ఒకే తీరుకు తెచ్చారు. గడియారం బాగుచేశారు. 2020 ఆగస్టులో మార్కెట్‌ను తిరిగి ప్రారంభించారు.

పాత కట్టడాన్ని కూల్చకుండా, దుకాణదారులను వెళ్లగొట్టకుండా కాపాడుకోవచ్చని ఈ మార్కెట్ రుజువు చేసింది. అయితే బాగుచేయడం ఒక ఎత్తు, ఆ బాగును నిలుపుకోవడం మరొక ఎత్తు. వానాకాలానికి ముందే పైకప్పు చూసుకోవడం, కమానుల కింద మళ్లీ రేకులు వెలవకుండా చూడటం అధికారులూ దుకాణదారులూ కలిసి చేయవలసిన పని. లేకుంటే కోట్లు పోసి తీసిన రాయి మళ్లీ మసిబారడానికి ఎన్నో ఏళ్లు పట్టదు.