కదలని బండి - తరుగు గాలి

మెదకు జిల్లాలో శంకరంపేటలు రెండు: పెద్దశంకరంపేట, చిన్నశంకరంపేట. ఏ ఊరనైనను సైకిలు బాగుచేయువానికి బొటనవ్రేలే కొలమానము. టైరును నొక్కిచూచి గాలి చాలునో చాలదో చెప్పును. దారిపై నడచు బండికి ఆ పరీక్ష చాలును. అంచనా తప్పినచో గతుకులే ఆ సంగతి తెలుపును. ఇంటిలో ఇనుప చట్రమునకు బిగించి త్రొక్కు బండికి మాత్రము అది చాలదు.

2020 మార్చి 25 నుండి దేశమంతట లాక్‌డౌను విధింపగా, బయటికి పోవ వీలులేక పలువురు సైకిలు సాధకులు ఈ చట్రముల నాశ్రయించిరి. వెనుక చక్రమును నేలనుండి పైకెత్తి, ఒక చిన్న రోలరు దానిని ఒరసికొనునట్లు బిగింతురు. చక్రము తిరుగును గాని బండి అంగుళమైనను కదలదు. రోలరు చూపు నిరోధమే ఇచ్చట మిట్ట, అదియే ఎదురుగాలి. (వెనుక చక్రమునే తీసివేసి గొలుసు తగిలించు యంత్రములును కలవు. వానికి ఈ బాధ లేదు.)

ముల్లు గ్రుచ్చుకొనని బండికి గాలి ఏల తగ్గవలెను? మట్టికుండ నుండి నీరు చెమర్చునట్లు రబ్బరు నుండి గాలి మెల్లగా వెలికి పోవును. సహజరబ్బరు ట్యూబునుండి త్వరగా పోవును. బ్యూటైలు ట్యూబునుండి మిక్కిలి నెమ్మదిగా పోవును. తన కుమారుని మూడుచక్రముల బండికై గాలి టైరును కల్పించి, 1888లో పేటెంటు పొందిన బెల్‌ఫాస్టు పశువైద్యుడు డన్‌లప్ కాలమునుండియు పంపు అవసరము తీరలేదు.

గాలి తగ్గిన టైరు రోలరు ఒత్తిడికి లోతుగా నొక్కుకొనును. త్రొక్కుట బరువగును, టైరు వేడెక్కి త్వరగా అరుగును, బలముగా త్రొక్కినపుడు జారుటయు కలదు. అంతకన్న పెద్ద చిక్కు లెక్కలో నున్నది. నిన్న అరగంట అలవోకగా త్రొక్కిన బాలుడు నేడు పది నిమిషములకే అలసినచో, కాళ్లలో సత్తువ తగ్గినదని తలచి క్రుంగిపోవును. తగ్గినది సత్తువ కాదు, గాలి. అతడు దినదినము వ్రాసికొను సాధన పుస్తకమంతయు అబద్ధమగును.

కావున ఎంత గాలి అనుదానికన్న, ప్రతిదినము అంతే గాలి యనుట ముఖ్యము. సన్నని పందెపు టైరుకు చదరపు అంగుళమునకు 100 పౌనుల ప్రాంతము వాడుక. టైరు ప్రక్కన అచ్చువేసిన గరిష్ఠమును మాత్రము దాటరాదు. త్రొక్కుటకు ముందే, టైరు చల్లగా నున్నప్పుడే గేజితో కొలువవలెను. పిదప ఒరపిడి వేడికి పీడనము హెచ్చును. గాలి సరిచూచిన తరువాతనే రోలరు మర బిగించి, ప్రతిసారి అన్ని చుట్లే త్రిప్పవలెను.

గది వేడియు లెక్కకు రావలసినదే. 15 డిగ్రీల చలి ఉదయమున 100 పౌనులు నింపిన టైరు, గాలి ఏమాత్రము పోలేదనుకొన్నచో, 42 డిగ్రీల వేసవి గదిలో దాదాపు 111 పౌనులు చూపును. ఉపాధ్యాయులు దీనిని తరగతిలో చేయింపవచ్చును: డిగ్రీలకు 273 కలుపవలెను, గేజి విడిచిపెట్టు వాయుమండల పీడనము 14.7 పౌనులను మొదట కలిపి తుదకు తీసివేయవలెను.

ఇట్లు చట్రముపై అరిగిన టైరుతోనే మరల దారికి పోవువారు దాని నడిమి భాగము చదునైనదేమో ముందుగా చూచుకొనవలెను.