పాత తుపాకి కొయ్య: మెరుగుపెట్టుటలోని మెలకువలు

తుపాకి యనగానే మన మనస్సున మెదలునది ఉక్కు గొట్టము. కాని ఆ గొట్టమును సైనికుని చేతికి, భుజమునకు, చెక్కిలికి అమర్చునది కొయ్య. ఉక్కును గూర్చి వ్రాసినవారు పెక్కుమంది గలరు. కొయ్యను గూర్చి ముచ్చటించువారు తక్కువ. మన దేశమున పోలీసు ఠాణాలయందును, నేషనల్ కాడెట్ కోర్ శిబిరములయందును ‘త్రీనాట్‌త్రీ’ యను పేర జనులెరిగిన లీ-ఎన్‌ఫీల్డ్ తుపాకిని ఉదాహరణముగా గైకొని, దాని కొయ్యపనితనమును, ఆ కొయ్యను తిరిగి మెరుగుపెట్టు విధానమును శ్రోతలకు వివరింతును.

జేమ్స్ పారిస్ లీ యనునతడు రూపొందించిన యంత్రభాగమునుండియు, లండను నగరమున కుత్తరమున నున్న ఎన్‌ఫీల్డ్ కర్మాగారమునుండియు ఈ తుపాకికి ఆ పేరు కలిగినది. మిక్కిలి ప్రసిద్ధమైన మూడవ మార్కు నమూనా 1907లో వెలువడెను. వంగదేశమున హుగ్లీ తీరమందలి ఇషాపూరులోను, ఆస్ట్రేలియాలోని లిత్‌గోలోను గూడ ఇది తయారయ్యెను. బరువు సుమారు 4 కిలోగ్రాములు. రెండు ప్రపంచ యుద్ధములలో పనిచేసిన ఈ ఆయుధమునకు ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 గణతంత్ర దినమున వీడ్కోలు పలికిరి. యుద్ధానంతరము బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, అమెరికా దేశములలో వేలకొలది తుపాకులు సైన్యమునుండి తొలగింపబడి, అనుమతి గలవారి చేతులకు చేరినవి. వానిని సేకరించి, కొయ్యను బాగుచేసికొనుట అచ్చట నేటికిని పలువురకు ప్రీతికరమైన వ్యాసంగము.

ఈ పనికి ఉత్తమమైనది అక్రోటు కొయ్య. అది బలమునకు తగినంత తేలిక. చక్కగా ఆరినపిదప అంతగా వంకరపోదు. ఉలికి లొంగును గాని అంచులు చిట్లవు. ప్రేలుడు తాకిడిని ఓర్చుకొనును. యుద్ధకాలమున అక్రోటు చాలనందున బీచి, బర్చి మ్రాకులను గూడ వాడిరి. ఈ బర్చి మన పూర్వులు గ్రంథములు వ్రాసికొన్న భూర్జపత్రమునిచ్చు వృక్షమునకు చుట్టమే. లిత్‌గోవారు తమ దేశమున లభించు క్వీన్స్‌లాండ్ మేపుల్ వంటి కొయ్యలను వినియోగించిరి. కావున కొయ్యను చూచిన మాత్రమున తుపాకి పుట్టుకను కొంతవరకు ఊహింపవచ్చును.

లీ-ఎన్‌ఫీల్డ్ కొయ్య ఒకే ముక్క కాదు. భుజమున కానించు మడమ వేరు. గొట్టము క్రిందనుండు ముందుకొయ్య వేరు. గొట్టము వేడికి చేయి కాలకుండ పైన కప్పు కొయ్య వేరు. సైనికుల శరీరములు ఒక్క తీరున నుండవు గనుక మడమలను పలు పొడవులలో చేసిరి. పొడవైన దానిపై ‘ఎల్’ అనియు, పొట్టిదానిపై ‘ఎస్’ అనియు అక్షరములు ముద్రించిరి. వాడువాని కొలతకు ఆయుధమును అమర్చుట సైన్యమే అంగీకరించిన పని యని దీనివలన తెలియుచున్నది. ఒక మడమను తీసి మరియొకటి బిగించినచో నష్టమేమియు లేదు. మరల మొదటిదానిని బిగింపవచ్చును.

కాని యుద్ధానంతరము జరిగినది వేరు. మిగులు తుపాకులు చవుకగా దొరకుటచే, వేటకు తేలికగా నుండునని పలువురు ముందుకొయ్యను సగమునకు కోసివైచిరి. బర్మింగ్‌హామ్ నగరపు పార్కర్-హేల్ వంటి సంస్థలు ఇట్లు మార్చిన తుపాకులను 1950, 1960 దశాబ్దములలో విరివిగా విక్రయించినవి. నాడది వివేకముగనే తోచినది. నేడు పూర్తి కొయ్యతో నిలిచిన తుపాకులకే విలువ హెచ్చు. కోసిన కొయ్య తిరిగి పెరుగదు. కావున తిరిగి సరిదిద్దుకొనగల మార్పును మాత్రమే చేయవలె ననునది ఈ పనికి మొదటి సూత్రము.

ఇక పని పద్ధతి. అన్నింటికంటె ముందు తుపాకిలో గుండు లేదని కంటితోను, వ్రేలితోను నిర్ధారణ చేసికొని, బోల్టును వెలికి తీయవలెను. పిమ్మట విప్పుటలో ఒక క్రమము గలదు. ఈ మూడవ మార్కు తుపాకిలో మడమ లోపల పొడవైన మరమేకు ఒకటి యుండును. దాని చదరపు కొన ముందుకొయ్య వెనుక భాగమునందలి చిన్న లోహపు పలకలో ఇమిడియుండును. ముందుకొయ్యను తొలగింపక ఆ మేకును త్రిప్పినచో, కొన తిరిగి కొయ్యను చీల్చివేయును. ఎన్నియో మంచి తుపాకులు ఇట్లే పాడైనవి. కావున ముందుకొయ్య మొదట, మడమ తరువాత.

విప్పిన కొయ్యపై దశాబ్దముల మురికి, గ్రీజు, చెమట పేరుకొనియుండును. దానిని మినరల్ టర్పెంటైనులో తడిపిన గుడ్డతో తుడువవలెను. కొయ్య లోనికి ఇంకిన గ్రీజును లాగుటకు సుద్దపొడిని పూసి, కొంచెము వెచ్చజేయుదురు. పొడి జిడ్డును పీల్చుకొనును. కాస్టిక్ సోడా వంటి తీక్ష్ణ ద్రవ్యములు కొయ్యను నల్లబరచి, నారలను బలహీనపరచును గనుక వానిని దరిజేరనీయరాదు.

సొట్టలు పడినచోట నారలు అణగియుండునే గాని తెగియుండవు. అచ్చట తడిగుడ్డ నుంచి వేడి ఇస్త్రీపెట్టెను కొంచెము సేపు ఆనించినచో, ఆవిరి లోనికి చొచ్చి నారలు ఉబ్బి, సొట్ట చాలవరకు పైకి లేచును. నారలు తెగిన గాట్లు మాత్రము ఇట్లు లేవవు. వానిని అట్లే విడుచుట మేలు.

చాలమంది ఈ దశలో గాజుకాగితమును చేపట్టుదురు. అదియే పెద్ద ప్రమాదము. కొయ్యయు లోహమును ఒకదానితో నొకటి సమతలముగా కలియునట్లు కర్మాగారమున అమర్చిరి. కొయ్యను అరగదీసినచో లోహపు అంచులు పైకి పొడుచుకొని వచ్చును. ఆ కూర్పు మరల కుదరదు. అంతేకాదు, కొయ్యపై తనిఖీదారుల ముద్రలు, కర్మాగార చిహ్నములు ఉండును. మడమకు కుడిప్రక్కన పొదిగిన ఇత్తడి బిళ్ళపై ఏ పటాలమునకు చెందినదో చెక్కెడివారు. మొదటి ప్రపంచ యుద్ధమధ్యమున తయారీ త్వరకొరకు ఆ బిళ్ళను మానివేసిరి. ఇషాపూరు తుపాకులు కొన్నింటిలో ముందుకొయ్య చీలకుండ అడ్డముగా బిగించిన మర కానవచ్చును. ఆయుధశాల పనివారు విరిగినచోట పొదిగిన చెక్క అతుకులుండును. ఇవన్నియు ఆ తుపాకి జాతకచక్రము. ఒక గంటసేపు గాజుకాగితముతో రుద్దినచో ఆ చరిత్ర ధూళియై నేలరాలును.

శుభ్రమైన కొయ్యకు పూయవలసినది అవిసె గింజల నూనె. బ్రిటిషు సైన్యము ఎంచుకొన్నది ఇదియే. మన యిండ్లలో పిల్లల క్రికెట్ బ్యాటుకు పూయునదియు ఇదియే. ఈ నూనె నీటివలె ఆవిరియై ఆరదు. గాలిలోని ప్రాణవాయువును గ్రహించి, క్రమముగా గట్టిపడి, నారల నడుమ నిలిచిపోవును. పచ్చినూనె ఆరుటకు పెక్కుదినములు పట్టును. ‘ఉడికించినది’ అని అమ్మెడి నూనెలో త్వరగా ఆరుటకై లోహలవణములు కలుపుదురు. ఏదైనను పలుచగా పూసి, పావుగంట పిమ్మట ఇంకక మిగిలినదానిని పూర్తిగా తుడిచివేయవలెను. దట్టముగా పూసినచో జిగురువలె అంటుకొనియుండి దుమ్మును పట్టును. మొదటి వారము దినమున కొకసారి, పిదప ఒక నెల వారమున కొకసారి, ఆపై సంవత్సరము నెల కొకసారి యని పనివారు చెప్పు లెక్క.

వార్నీషు మెరయును గదా, అది యేల కూడదు? వార్నీషు కొయ్యపై పొరగా నిలుచును. ఒక గీత పడినచో ఆ చీలికగుండ తేమ లోనికి పోయి, పొర లేచిపోవును. బాగుచేయవలెనన్న మొత్తము గీకవలెను. నూనె పూసిన కొయ్యపై గీత పడినచో అచ్చటనే మరికొంత నూనె రుద్దిన చాలును. పైగా యుద్ధభూమిలో తళతళ మెరయు కొయ్య శత్రువునకు గురి చూపును. కొయ్య తేమకు ఉబ్బి, ఎండకు కుంచించుకొనును. గొట్టము కొయ్యకు నియమితమైన తావులలోనే ఆనవలెను. ఆ ఒరపిడి మారినచో గుండు పోవు చోటును మారును. కావున లోపలి ముఖములకు గూడ పలుచగా నూనె అవసరము.

తుపాకి యెన్నడును ఇంట లేనివారు గూడ గుర్తుంచుకొనదగిన హెచ్చరిక యొకటి గలదు. అవిసె నూనెలో తడిసిన గుడ్డలను ఉండచుట్టి మూలను పడవైచినచో, నూనె గాలిని గ్రహించునపుడు పుట్టు వేడి బయటికి పోజాలక, నిప్పు తగులకయే అంటుకొనును. తలుపులకు, బ్యాటులకు ఈ నూనె పూయు ఇండ్లలో గూడ ఇట్టి అగ్నిప్రమాదము కలుగవచ్చును. ఆ గుడ్డలను ఆరుబయట విడివిడిగా పరచి ఆరవేయవలెను. లేదా నీటిలో ముంచి, మూతగల లోహపు డబ్బాలో నుంచవలెను.

మెరుగుపెట్టుట యనగా క్రొత్తదానివలె చేయుట కాదు. ఉన్నదానిని ఇక చెడనీయక నిలుపుట. నలుగురైదుగురు సైనికుల అరచేతులు తాకి నునుపెక్కిన కొయ్యను మన అరచేతి వెచ్చదనముతో, నాలుగు బొట్ల నూనెతో కాపాడవచ్చును. పాత ముద్రలను చదువదగినట్లుగనే తరువాతివానికి అందింపగల్గినచో ఆ పనివాడు తన పనిని చక్కగా నెరవేర్చినట్లే.