పుచ్చిపన్ను: లవంగతైలం ఎంతవరకు?

పుచ్చిపన్నును సుశ్రుతుడు ‘క్రిమిదంతకం’ అన్నాడు. పూతరేకులు, బెల్లపు మిఠాయిలు తిని పుక్కిలించకుండా నిద్రించే కోనసీమ పిల్లలలో దీనిని తరచుగా చూస్తున్నాను. పంటిసందుల నిలిచిన తీపిని సూక్ష్మక్రిములు ఆమ్లంగా మార్చగా, ఆ ఆమ్లం పింగాణీ పొరను కరిగిస్తుంది.

పెద్దలకు నొప్పి వస్తే దూదిని లవంగతైలంలో తడిపి పుచ్చుపై అద్దవచ్చు, చిగుళ్ళకు తగలనీయరాదు. పిల్లలకు గోరువెచ్చని ఉప్పునీటి పుక్కిలింత చాలు. ఇవి ఉపశమనాలే, పడిన గుంత ఏ మూలికతోనూ పూడదు. నొప్పి దానంతట అదే పోయినదని సంతోషించరాదు. పంటినరం చచ్చి, చీము లోలోపల వ్యాపించవచ్చు.

గుంత చిన్నదైతే దంతవైద్యునిచే పూడ్పించండి. నరం వరకు చేరితే రూట్ కెనాల్ చేయించి తొడుగు వేయించండి. దవడ వాచి జ్వరం వస్తే ఒక్కరోజైనా ఆగరాదు.

రాత్రి భోజనానంతరం ఫ్లోరైడు పేస్టుతో దంతధావనం, ఉదయం నువ్వులనూనె గండూషం నిత్యం పాటించండి.