మూత తీయగలిగే యంత్రం

ఈఏపీసెట్ ర్యాంకు వచ్చి పిల్లలు ఇంజనీరింగులో చేరే రోజుల్లో గోదావరి జిల్లాల ఇళ్లలో ఒక ప్రశ్న తప్పక వస్తుంది: కొనేది మ్యాకా, పీసీయా? అమెరికాలో ఉన్న మేనమామ మ్యాక్ అంటాడు, ఊళ్లో కంప్యూటర్ షాపాయన పీసీ అంటాడు. ఇద్దరూ మాట్లాడేది వేగం, ధర, అందం గురించే. ఈ మూడింటిలోనూ తీర్పు ఏడాదికేడాది మారిపోతుంటుంది. మారనిది ఒకటుంది. ఆ యంత్రం మూత ఎవరు తీయవచ్చు, లోపలి భాగాన్ని ఎవరు మార్చవచ్చు అన్న సంగతి ఈ రెండింటికీ పుట్టుకతోనే నిర్ణయమైపోయింది. డెల్టాలో ఇంటి అవసరానికి కంప్యూటర్ కొనేవాళ్లు అన్నిటికన్నా ముందు చూడాల్సింది అదేనని నా వాదన.

పీసీ 1981 ఆగస్టు 12న లోకానికి పరిచయమైంది. దాన్ని తెచ్చిన ఐబీఎం అప్పటిదాకా పెద్ద కంప్యూటర్లకు పేరుమోసిన సంస్థ. చిన్న కంప్యూటర్ల బజారు చేజారిపోతోందని గ్రహించి ఫ్లోరిడాలోని బోకా రాటన్‌లో ఒక చిన్న బృందానికి ఏడాది గడువిచ్చింది. డాన్ ఎస్ట్రిడ్జ్ నడిపించిన ఆ బృందానికి అంత తక్కువ వ్యవధిలో అన్నీ సొంతంగా తయారుచేసే వీలు లేదు. అందుకని ప్రాసెసర్ ఇంటెల్ దగ్గర, ఆపరేటింగ్ సిస్టమ్ మైక్రోసాఫ్ట్ దగ్గర తీసుకున్నారు. మిగతా భాగాల్లో చాలావరకు బజారులో దొరికేవే. ఇతర కంపెనీలు కార్డులు తయారుచేసి బిగించుకునేలా లోపల ఖాళీ స్లాట్లు ఉంచారు, సర్క్యూట్ పటాలతో సహా టెక్నికల్ మాన్యువల్ అచ్చువేసి అమ్మారు. ఐబీఎం చేతిలో మిగిలిన తాళం ఒక్కటే: యంత్రాన్ని మేల్కొలిపే బయోస్ ప్రోగ్రాము. దాని కాపీరైటు ఐబీఎంది. కాంపాక్ సంస్థ ఇంజనీర్లు ఆ తాళాన్ని చట్టబద్ధంగానే తీశారు. ఒక బృందం బయోస్ ఏమేం చేస్తుందో చదివి రాసిపెట్టింది. అసలు ప్రోగ్రామును కంటితో చూడని మరో బృందం ఆ రాతను బట్టి కొత్తగా రాసింది. 1983లో కాంపాక్ యంత్రాలు అమ్మకానికి వచ్చాయి, ఆ వెనుకే పదులకొద్దీ కంపెనీలు. ఐబీఎం చివరికి 2005లో తన పీసీ వ్యాపారాన్ని లెనోవోకు అమ్మేసింది. కన్నవాళ్లు తప్పుకున్నా పీసీ ఆగలేదు. ఒక కంపెనీ మదర్‌బోర్డు మీద మరో కంపెనీ ర్యామ్, ఇంకో కంపెనీ ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలకు కరెంటు అందించే పెట్టె) నిక్షేపంగా పనిచేస్తాయి. 1984 నవంబరులో కేంద్రం కొత్త కంప్యూటర్ విధానం ప్రకటించి దిగుమతుల నిబంధనలు సడలించాక మన దేశంలో అసెంబుల్డ్ సిస్టమ్‌కు దారి పడింది. రాజమండ్రి, కాకినాడ, భీమవరం బజార్లలో ఎంతోమంది కుర్రాళ్లకు విడి భాగాలతో సిస్టమ్‌లు బిగించే పనే జీవనాధారమైంది.

మ్యాక్ పుట్టుక వేరు. ఆపిల్ సంస్థ 1984 జనవరి 24న విడుదల చేసిన తొలి మెకింటాష్ మూత తీయాలంటే మామూలు స్క్రూడ్రైవర్ చాలదు, నక్షత్రం మొనతో పొడుగాటి ప్రత్యేకమైన టార్క్స్ డ్రైవర్ కావాలి. అందులోని 128 కేబీ మెమరీని బోర్డుకే సోల్డర్ చేశారు. వాడేవాడు లోపలికి చేయి పెట్టకూడదన్నది స్టీవ్ జాబ్స్ పట్టుదల. యంత్రమూ సాఫ్ట్‌వేరూ ఒకే చేతిలో ఉంటేనే పని నిర్దుష్టంగా ఉంటుందని ఆయన నమ్మకం. ఆ నమ్మకంలో నిజముంది. బొమ్మల మీద మౌసుతో నొక్కి పనిచేసే పద్ధతిని సామాన్యుడి బల్ల మీదకు తెచ్చిన ఘనత మెకింటాష్‌దే. 1990ల నడుమ ఆపిల్ కొన్ని కంపెనీలకు మ్యాక్ నకళ్లు తయారుచేసే అనుమతి ఇచ్చింది. అంతకుముందు సంస్థను వీడిన జాబ్స్ 1997లో తిరిగి రాగానే ఆ తలుపు మూసేశారు. ప్రాసెసర్ మూడుసార్లు మారింది: 1994లో పవర్‌పీసీ, 2006లో ఇంటెల్, 2020 నవంబరులో సొంత ఎం1. ఎం1తో మెమరీ ఏకంగా ప్రాసెసర్ ప్యాకేజీలోకే చేరిపోయింది. కొన్న రోజున ఎంత ర్యామ్ ఉందో చివరిదాకా అంతే.

ఇప్పుడు డెల్టా సంగతి. ఏడాదిలో చాలా నెలలు గాలిలో చెమ్మ. అంతర్వేది, నరసాపురం వైపు ఆ చెమ్మకు సముద్రపు ఉప్పు తోడు. ఎండాకాలంలో కరెంటు కోతలు, వానాకాలంలో పిడుగులు, వోల్టేజీ హెచ్చుతగ్గులు. ఎర్తింగ్ సరిగా లేని ఇళ్లు ఇప్పటికీ ఎన్నో. ఈ పరిస్థితుల్లో ఏ కంపెనీ యంత్రమైనా ఏదో ఒకనాడు మొరాయిస్తుంది. అసెంబుల్డ్ పీసీలో పిడుగుపాటు దెబ్బకు తరచు ముందు పోయేది ఎస్‌ఎంపీఎస్. అది విడి భాగం, వీధి చివర షాపులో దొరుకుతుంది. చెమ్మకు ర్యామ్ కాంటాక్టులు చిలుముపట్టి సిస్టమ్ ఆన్ కాకపోతే, మెకానిక్ దాన్ని ఊడదీసి పెన్సిల్ రబ్బరుతో తుడిచి మళ్లీ బిగిస్తాడు. చాలాసార్లు అంతటితో బాగుపడుతుంది. ఎం-చిప్ మ్యాక్‌బుక్‌లో ఊడదీయడానికి ర్యామే లేదు, నిల్వ చిప్పులు కూడా బోర్డుకే అతికి ఉంటాయి. బోర్డు పోయిందంటే మొత్తం పోయినట్టే, బ్యాకప్ లేకపోతే పిల్లల ఫోటోలు కూడా. ఆపిల్ మన దేశంలో తెరిచిన మొదటి రెండు సొంత స్టోర్లు 2023 ఏప్రిల్‌లో ముంబయిలో, ఢిల్లీలో వచ్చాయి. అధీకృత సర్వీస్ సెంటర్లు ఆంధ్రలోనూ ఉన్నాయి. అయితే అమలాపురం పక్క లంక గ్రామంలోని ఇంటికి వీధి చివర షాపు చేసే పని అవి చేయలేవు.

ఖర్చులోనూ ఈ పుట్టుక తేడా కనిపిస్తుంది. 2024లో వచ్చినప్పుడు ఎం4 మ్యాక్ మినీ ధర మన దేశంలో 59,900 రూపాయలు. ఆ డబ్బుకు అంత చిన్న పెట్టెలో అంత సత్తా ఇచ్చే పీసీని వెతకడం కష్టమే. కానీ 256 జీబీ నిల్వను 512 జీబీ చేయించుకోవాలంటే అప్పట్లో మరో 20,000 అయ్యేది. అదే సమయంలో పీసీకి 512 జీబీ ఎస్‌ఎస్‌డీ బయట ఆ మొత్తంలో నాలుగో వంతుకంటే తక్కువకే దొరికింది. మధ్యతరగతి ఇల్లు నేడు ఉన్నంతలో కొని, రెండేళ్లకు చేతిలో నాలుగు డబ్బులు ఆడినప్పుడు పెంచుకుందామనుకుంటుంది. ఆ అవకాశం పీసీలోనే ఉంది.

తెలుగు మాటా చూడాలి. 2001 నాటి విండోస్ ఎక్స్‌పీతోనే తెలుగు యూనికోడ్ ఫాంటు వచ్చింది, దాని పేరు మన గోదావరి పేరే, గౌతమి. మ్యాక్‌లో తెలుగు ఫాంట్లూ కీబోర్డూ 2011 నాటి లయన్‌తో గానీ రాలేదు. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అనే అక్షరం ఒక కంటికి కనిపించని సంకేతంతో కలిసి వస్తే ఐఫోన్లూ మ్యాకుల్లోని యాప్‌లూ కుప్పకూలాయి. సంయుక్తాక్షరాన్ని పేర్చే ప్రోగ్రాములో ఉన్న లోపమది. ఆపిల్ 19వ తేదీకల్లా సరిచేసింది, ఆ మాట చెప్పడం న్యాయం. ఇవాళ తెలుగు టైపు చేయడానికి రెండూ సమానమే. డీటీపీ సెంటర్లలో పాత అను ఫాంట్ల ఫైళ్లు, రైస్ మిల్లుల్లో, రొయ్యల వ్యాపారాల్లో నడిచే ట్యాలీ మాత్రం విండోస్ లోకానివి. ఎం-చిప్ మ్యాకుల్లో విండోస్ ఎక్కించే బూట్ క్యాంప్ లేదు కాబట్టి నేరుగా విండోస్ వేసుకోవడమూ కుదరదు.

దీనికి గట్టి అభ్యంతరాలే ఉన్నాయి. కరెంటు పోయినా ఫ్యాను లేని మ్యాక్‌బుక్ ఎయిర్ గంటల తరబడి నడుస్తుంది, డెస్క్‌టాప్‌కు యూపీఎస్ తప్పదు. ఇది నిజం, ఒప్పుకోవాల్సిందే. విండోస్‌కు వైరస్‌ల బెడద ఎక్కువన్నదీ పూర్తిగా అబద్ధం కాదు. అయితే మన ఊళ్లలో ఆ బెడదకు పెద్ద కారణం దొంగ కాపీ విండోస్, చేతులు మారే పెన్‌డ్రైవ్‌లు. అసలైన కాపీ వాడి అప్‌డేట్లు వేసుకుంటే లోపలే ఉన్న రక్షణ ఇంటికి చాలు. ఇంకో అభ్యంతరం బలమైనది: 2025 అక్టోబరు 14న మైక్రోసాఫ్ట్ విండోస్ 10కు మద్దతు ఆపేసింది, విండోస్ 11 పాత ప్రాసెసర్లను ఒప్పుకోదు, మరి పీసీకి ఆయుష్షు ఎక్కడ? దానికి జవాబు కూడా తెరిచిన యంత్రమే ఇస్తుంది. ఆ పీసీలో లినక్స్ వేసుకోవచ్చు. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ తెలుగు ముఖంతోనే ఒక లినక్స్‌ను తయారుచేసింది. పైగా పాతవాటిని వదిలేసేది మైక్రోసాఫ్ట్ ఒక్కటే కాదు, ఆపిల్ కూడా ఇంటెల్ మ్యాకులకు 2025 నాటి టహో వెర్షనే ఆఖరిదని ప్రకటించింది.

అయితే పీసీ అన్న పేరు చూసి మోసపోకూడదు. సన్నటి విండోస్ లాప్‌టాప్‌లలో ఇప్పుడు ర్యామ్‌ను సోల్డర్ చేస్తున్నారు. అలాంటిదే కొనేట్టయితే అందరూ అసూయపడే బ్యాటరీ ఉన్న మ్యాక్‌బుక్ ఎయిరే మేలు, ముఖ్యంగా హాస్టల్లో ఉండి వీడియో, సంగీతం పని చేసే పిల్లలకు. ఇంట్లో నలుగురూ పంచుకునే యంత్రానికి మాత్రం డెస్క్‌టాప్ పీసీయే సరైనది. ఎస్‌ఎస్‌డీ, 16 జీబీ ర్యామ్, మంచి కంపెనీ ఎస్‌ఎంపీఎస్, యూపీఎస్ ఉండేలా చూసుకోండి, ముందుగా ఇంటి ఎర్తింగ్ సరిచేయించండి. షాపులో ధర అడిగేముందు మరో మాట అడగండి: ర్యామ్, ఎస్‌ఎస్‌డీ రేపు మా ఊళ్లోనే మార్పించుకోవచ్చా? కుదరదంటే ఇంకో మోడల్ చూపించమనండి.