బెత్తం పోయింది, దాని చోట ఏమొచ్చింది? – మీకు తెలుసా?

◆ 2025 మార్చిలో బొబ్బిలి మండలం పెంట జిల్లా పరిషత్ హైస్కూలు పేరు రాష్ట్రమంతా వినబడింది. పిల్లలు చదువులో వెనకబడుతున్నారు, కొట్టడానికా వీల్లేదు, తిట్టడానికా వీల్లేదు అని వాపోయిన ప్రధానోపాధ్యాయుడు పిల్లల ముందే సాష్టాంగపడి, చెవులు పట్టుకుని గుంజీలు తీశారు. వీడియో చూసి విద్యాశాఖ మంత్రి నారా లోకేశ్ మెచ్చుకున్నారు. పిల్లల మీద చెయ్యెత్తనందుకు మెచ్చుకోవలసిందే. అయితే నాకందులో కనిపించింది నిస్సహాయత. బెత్తం లాక్కున్నాం గానీ, దాని బదులు ఏం చెయ్యాలో పంతుళ్లకు ఎవరు నేర్పారు?

◆ ఆ బెత్తం పోయింది నిన్నా మొన్నా కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2002 ఫిబ్రవరిలోనే జీవో 16తో బడిలో దెబ్బల్ని నిషేధించింది. దేశమంతటికీ వర్తించే విద్యాహక్కు చట్టం 2010లో గాని అమల్లోకి రాలేదు. ఆ చట్టం 17వ సెక్షన్ ప్రకారం మానసికంగా వేధించడమూ నిషిద్ధమే. మోకాళ్ల మీద నిలబెట్టడం, గోడకుర్చీ వేయించడం, ఎగతాళి చేయడం, వెక్కిరింపు పేర్లతో పిలవడం అన్నీ అందులోకే వస్తాయని బాలల హక్కుల జాతీయ కమిషన్ చెప్పింది. గోడకుర్చీ ఇంకా ఎన్ని బడుల్లో ఉందో మీ పిల్లల్నే అడగండి.

◆ దెబ్బ లేకుండా గోల తగ్గించే ఆట ఒకటుంది. 1967లో అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో నాలుగో తరగతి టీచరు ఒకరు ఇద్దరు పరిశోధకులతో కలిసి దాన్ని మొదలుపెట్టారు. తరగతిని రెండు జట్లు చేస్తారు. పాటించాల్సిన నియమాలు ముందే చెబుతారు. ఎవరైనా అడక్కుండా లేచినా, మధ్యలో మాట్లాడినా ఆ జట్టు పేరు కింద బోర్డు మీద ఒక గీత. తక్కువ గీతలున్న జట్టుది గెలుపు. రెండు జట్లూ హద్దులో ఉంటే రెండూ గెలిచినట్టే. బహుమతి అంటే కొనేదేమీ కాదు: భోజనానికి ముందుగా వెళ్లడం, సాయంత్రం కాసేపు ఇష్టమైన పని. గోల బాగా తగ్గింది. తర్వాత బాల్టిమోర్‌లో ఒకటో తరగతి నుంచే ఇది ఆడించి, ఆ పిల్లలు పెద్దయ్యేదాకా గమనించారు. చిన్నప్పుడు దుడుకుగా ఉన్న మగపిల్లల్లో మత్తుమందుల అలవాటు తక్కువగా కనిపించింది. దీనికి కావలసింది సుద్దముక్క ఒక్కటే!

◆ పాఠం చెప్పే భాష అర్థంకాని పిల్లవాడు కిటికీలోంచి బయటికే చూస్తాడు. దాన్ని మనం అల్లరి అంటాం. 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు వేరేలా ఆలోచించారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవర గిరిజనుల భాష నేర్చుకుని, అందులోనే వాచకాలు రాసి, సవర పిల్లలకు బడులు పెట్టారు.

◆ మళ్లీ బెత్తం మాటకొస్తే, పోలండ్ 1783లోనే బడిలో దెబ్బల్ని నిషేధించింది.

◆ 2023 మార్చిలో మన ప్రభుత్వ బడుల్లో రాగిజావ మొదలైంది. మన వైపు చోడి అంబలే! ఏమీ తినకుండా వచ్చిన పిల్లకు క్రమశిక్షణ పాఠం కంటే ముందు అందాల్సింది ఆ గ్లాసే.

◆ ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098, దిగులు పట్టుకున్నవారి కోసం టెలీమానస్ 14416 ఉన్నాయి. రెండూ ఉచితం, ఏ వేళైనా పనిచేస్తాయి. మీ పిల్లల నోటుబుక్కు అట్ట లోపల ఈ రెండు నంబర్లూ ఇవాళే రాసిపెట్టండి.